అరుగు మీదికొచ్చిన నెత్తురు

సిరొంచల కరెంటు పోయినా
శీతల్ పుస్తకం మూయలేదు,
నా ఫోను లైటడిగింది.
ఎల్లుండి సైన్సు రెండో పేపరు.
బాసండ్లు సగంల ఇడిచిపెట్టి
చేతులు కొంగుకు తుడుచుకుని
ఆడబిడ్డ పక్కన కూసున్న.

ఆమెది మరాఠీ జీవశాస్త్రం.
నాది తెలుగుది,
ప్రాణహిత అవతల చెన్నూరు బడిల
పదేండ్ల కింద ఆగిపోయింది.
యాభైకి నలభై ఆరు.
ఆ కాగితం పెండ్లి చీర కింద పెట్టెల ఉంది.
ఇంతదాక ఎవలు అడగలేదు.

"పేశీ" అంటది శీతల్.
నాకు కోర్టు యాదికొస్తది,
మామ గట్టు తగాదాకు ఏడాదికి నాలుగు పేశీలు.
"కణం" అంట నేను.
"కణ్ అంటే దుమ్ము కదా వదినా,
ఇసుక రవ్వ కదా?"
బొమ్మ మాత్రం ఇద్దరం ఒక్క తీరుగ గీసినం,
గుండ్రం, లోపల ఇంకో గుండ్రం.
లోపలిదాని పేరు ఆమెకూ కేంద్రకమే, నాకూ కేంద్రకమే.
అక్కడ జరసేపు ఊపిరి పీల్చుకున్నం.

గుండె కాడ చిక్కుబడ్డం.
"పైగదులు కర్ణికలు, కిందివి జఠరికలు" అన్న,
కండ్లు మూసుకుని, టీచరు ముందర చెప్పినట్టు.
శీతల్ పడీ పడీ నవ్వింది:
"గుండెల కడుపెట్లుంటది?"
వాళ్ల పుస్తకంల జఠర్ అంటే కడుపట.
కోపమొచ్చింది, అబద్ధమెందుకు.
పదేండ్లు దాచుకున్న మాట
ఒక్క నవ్వుకు చెల్లని నోటయింది.

"మరి మీరేమంటరు?"
"పైది అలింద్, కిందిది నిలయ్.
అలింద్ అంటే ఇంటి ముందటి అరుగని
మడావి సారు చెప్పిండు."
చెప్పి తను తర్వాతి పేజీకి పోయింది.
నేనక్కడనే ఉండిపోయిన.

ఒళ్లంతా తిరిగి అలిసొచ్చిన నెత్తురు
ముందుగాల అరుగు మీద కూసుంటదన్నమాట.
తలుపు తీస్తే ఇంట్లకు.
ఆ తలుపు ఒక్క దిక్కే తెరుచుకుంటది,
వచ్చిన దారిన మళ్ల పోనియ్యది.
మా పుస్తకంల దాన్ని కవాటమన్నరు.
కవాటమంటే తలుపేనని
అప్పుడెవ్వరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాకిట్ల పొయ్యి వెలుగుకు
అత్త బొచ్చె చేపను కోస్తాంది.
"చేప గుండెకెన్ని గదులు?"
"రెండు" అన్నది శీతల్.
"మూడు" అన్న నేను.
అత్త మాట్లాడకుండ
మొప్పల సందుల వేలు పెట్టి తీసి
అరచేతుల పట్టుకొచ్చింది.
రేగుపండంత ఉంది. ఇంకా కొట్టుకుంటాంది.
ఫోను దగ్గరికి పట్టి ఇద్దరం వంగినం.
ఒక అరుగు, ఒక ఇల్లు.
"ఇన్నేండ్లు పిల్లికేసిన" అన్నది అత్త,
"ఇండ్ల గదులున్నయని నాకెవలు చెప్పిన్రు?"

ఆఖరు పాఠం అనువంశికత.
చెవి తమ్మె వేలాడుతదా, చెంపకు అంటుకుని ఉంటదా
ఇంట్ల అందరివి చూసి పట్టిక నింపాలె.
శీతల్‌ది అంటుకుంది. వాళ్ల అన్నది అంటుకుంది,
నిద్రల ఉండంగనే చెవి పట్టి చూసొచ్చింది.
అత్తవి గంటీల బరువుకు ఎన్నడో చీలినయి,
ఏ గడిల రాయాల్నో తెలువలేదు.
"అడ్డగీత పెట్టు" అన్న.
నా చెవి దాకా వచ్చిన చెయ్యి ఆగింది:
"నీది లెక్కకు రాదు కదా వదినా."
రాదు.
ఆ పిల్ల ఒంట్ల నాది ఒక్క జన్యువు లేదు.
కరెంటొచ్చింది. బాసండ్ల కాడికి పోయిన.

పరీక్షనాడు బడి గేటు బయట
ఇప్పపూల తట్టలతోటి పోయేటోళ్లను చూసుకుంట
ఎండల నిలబడ్డ.
అట్ట ఊపుకుంట వచ్చింది.
"గుండె రాలేదు వదినా, పేశీ వచ్చింది.
పేర్లన్నీ పెట్టిన.
ఒక్కకాడ తొందర్ల కణం అని రాసిన.
కొట్టేసి పైన పేశీ రాసిన.
మార్కు పోతదా?"

పోదన్న.
కొంచెం దూరం నడిచినంక అడిగిన,
ఎన్ని గీతలు కొట్టినవే?

"ఒక్కటే. సన్నగ.
లోపలిది కనబడుతనే ఉంది."